జింకలను మేపుకొచ్చిన ఎండాకాలం

మున్సిపాలిటీ జంతుశాలలో జింకల దొడ్డి గేటు తీసి ఆరింటినీ బయటికి తోలింది నేనే. ఈ మాట చెప్పడానికి ఇప్పుడు నాకేమీ సిగ్గు లేదు. అప్పుడు మాత్రం అందరి ముందూ నోరు పెగలడానికి ఒక పగలంతా పట్టింది. ఆ పగలంతా ఒక ముసలాయన ఉద్యోగం నా మూలాన గాలిలో దీపమై ఉండింది.

అరవైల మొదట్లో సంగతి. నాకు పదకొండేళ్ళు. అనంతపురం ఊరి చివర, బుక్కరాయసముద్రం పోయే దారిలో అప్పట్లో ఒక పార్కు ఉండేది. అందులో ఒక మూల నాలుగు బోన్లు, రెండు కంచె దొడ్లు. ఒక ఎలుగుబంటి, ఒక కొండచిలువ, రెండు నెమళ్ళు, ఒక ముళ్ళపంది, ఆరు జింకలు. కోతులు కూడా ఉండేవి గానీ బోనులో ఉన్నవాటికంటే బోను మీద కూర్చున్నవే ఎక్కువ. దీన్నంతా కలిపి జంతుశాల అనేవాళ్ళు.

మా బళ్ళో సైన్సు చెప్పే టీచరమ్మకు ఎండాకాలం సెలవుల్లో పిల్లలు ఊరికే ఉంటే నచ్చేది కాదు. తెల్లచీర, చేతిలో గొడుగు, ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ మా ప్రాణాలు తోడటం, ఇదీ ఆమె పద్ధతి. ఆ ఏడు మున్సిపాలిటీ వాళ్ళను ఒప్పించి జంతుశాలలో పదిహేను రోజుల పిల్లల శిబిరం పెట్టింది. పొద్దున ఏడింటికి పోవాలి. తలా ఒక జంతువును చూసి, అది ఏం తింటుందో ఎప్పుడు పడుకుంటుందో నోటుబుక్కులో రాయాలి. మధ్యాహ్నం చెట్ల కింద సద్ది తిని, పాఠం విని, ఎండ తగ్గాక ఇంటికి పోవాలి.

పన్నెండు మంది పిల్లలం. పదకొండు మంది ప్లీడర్ల, డాక్టర్ల, మండీ వ్యాపారుల పిల్లలు. పన్నెండోదాన్ని నేను, బుక్కరాయసముద్రంలో గొర్రెలు కాసుకునే ఇంటి పిల్లను. నన్ను పంపమని అడగడానికి టీచరమ్మ స్వయంగా మా ఇంటికొచ్చి, పరిచిన కంబళి మీద కూర్చుని మజ్జిగ తాగింది. మా అమ్మ మర్యాదకు తలూపింది గానీ, ఆమె అటు పోగానే ఇటు మొదలుపెట్టింది.

"జీవాలను చూసేదానికి బడి ఏందే? మన దొడ్లో లేవా?"

లేకేం. మా దొడ్లో అరవై గొర్రెలు, పది మేకలు ఉండేవి. ఒక్కొక్కదాని ముఖమూ నాకు తెలుసు. కానీ వాటిని మేపుకొచ్చే పని మా అన్నలది, నాది దొడ్డి ఊడ్చే పని. నాకు ఆ ఊడ్పు మీద కోపం, అన్నల మీద అంతకంటే కోపం. ఎందుకంటే మా ఇంట్లో ఒక మర్యాద ఉండేది. మేతకు పోయినచోట గొర్రె ఈనితే, ఆ పిల్లను ఎవరు ఇంటికి తెస్తారో వాళ్ళు దొడ్డి దాటి ఇంట్లోకి రాకముందే మా అమ్మ ఎదురొచ్చి నోట్లో బెల్లం ముక్క పెట్టేది. పోయినవాటికంటే ఎక్కువ తోలుకొచ్చినాడని ఆ బెల్లం. మా పెద్దన్న అది చప్పరిస్తూ నా ముందు కావాలనే రెండుసార్లు తిరిగేవాడు. నాకు ఆ బెల్లం ఒక్కసారీ దక్కలేదు. డబ్బాలోంచి దొంగిలించి తిన్నాను, కానీ అది ఉత్త బెల్లమే.

శిబిరంలో చీట్లు తీస్తే నాకు జింకలొచ్చాయి. ప్లీడరు కూతురికి నెమలి వచ్చింది, దాంతో ఆ పిల్ల నడకే మారిపోయింది. నేను జింకల కంచె దగ్గర కూర్చుని నోటుబుక్కులో మొదటి రోజే రాశాను: కడుపులు లోపలికి పోయినాయి, వీటికి మేత చాలడం లేదు. టీచరమ్మ ఎర్ర సిరాతో కింద గీత గీసి, ఇది నీకెలా తెలిసిందని అడిగింది. చూస్తే తెలీదా అన్నాను. ఆమెకు కోపం వస్తుందనుకుంటే నవ్వింది.

వాటిని చూసుకునేది ఒక ముసలి సాయిబు. పిల్లలమంతా తాతా అనేవాళ్ళం. ముప్పై ఏళ్ళుగా ఆ బోన్ల మధ్యే ఉన్నాడు. రెండేళ్ళుగా వానల్లేవు, పార్కులో పచ్చిక అన్నదే లేదు. కాయలు కోసుకున్నాక మిగిలే ఎండిన వేరుశనగ కట్టె మున్సిపాలిటీ పంపేది, అది ఆరింటికీ ఏ మూలకూ చాలేది కాదు. ఆయన దారిన పోయే బండ్లను ఆపి, మేకలకు కోసుకుపోయే ఆకులో ఒక పిడికెడు అడుక్కుని తెచ్చి వేసేవాడు.

గొర్రెలు కాసేవాళ్ళకు ఎండాకాలం తుమ్మకాయలే దిక్కు. మా నాయన పొడుగాటి దోటి పెట్టి తుమ్మచెట్టు కొమ్మలు దులిపితే కాయలు జలజలా రాలేవి. వాటిని రేకు డబ్బాలో వేసి ఆడిస్తే ఆ చప్పుడుకు యాడున్న గొర్రె ఆడ నుంచి పరుగెత్తుకొచ్చేది. నేను రెండో రోజు నుంచి సద్దిమూటతో పాటు ఒక డబ్బా తుమ్మకాయలు కూడా తెచ్చాను. మొదట జింకలు బెదిరాయి. మూడో నాటికి దూరం నుంచి చూశాయి. ఆరో నాటికి డబ్బా ఆడించగానే కంచె దగ్గరికి వచ్చి నిలబడేవి. వాటిలో ఒకదానికి కుడిచెవి చీలి ఉండేది, అదే ముందు వచ్చేది. అది చూలుతో ఉందని తాతకు చెప్పింది నేనే. నాకోసం ఆయన పొద్దున్నే గేటు తాళం తీసి, గొళ్ళెం మాత్రం పెట్టి ఉంచేవాడు. అది ఆయన నా మీద పెట్టుకున్న నమ్మకం.

తొమ్మిదో రోజు పొద్దున నీళ్ళబండి వస్తే తాత ముందు గేటు దగ్గరికి పోయాడు. టీచరమ్మ మిగతా పిల్లలను కొండచిలువ బోను దగ్గర నిలబెట్టి ఏదో చెబుతోంది. పొద్దు బారెడెక్కింది. మా ఇంట్లో అయితే ఆ వేళకు మంద మేతకు కదలాలి. జింకలు నా డబ్బా వైపు చూస్తున్నాయి, డబ్బాలో కాయలు ఆరింటికి రెండేసి పిడికిళ్ళు కూడా రావు. కంచె అవతల, రోడ్డు దాటితే, చెరువు దిక్కున వరసగా తుమ్మచెట్లు. నాకు అనుమానమే రాలేదు. కడుపు మాడే జీవాలను పొద్దెక్కినా దొడ్లో పెట్టుకునేది ఎవరు? గొళ్ళెం తీశాను, డబ్బా ఆడిస్తూ ముందు నడిచాను.

ఆరూ నా వెంట వచ్చాయి. పార్కు వెనక గోడ కూలిన చోటు నుంచి, రోడ్డు మీదికి, ఒకదాని వెనక ఒకటి, కొమ్ముల పోతు చివర. ఆ నాలుగు నిమిషాలు నేను ఎంత గర్వంగా నడిచానో ఇప్పటికీ నా కాళ్ళకు గుర్తు. మా అన్నలు ఈడ ఉంటే బాగుండేదని కూడా అనుకున్నాను. అంతలో ఊరి వైపు నుంచి ఒక లారీ హారన్ కొట్టుకుంటూ వచ్చింది. గొర్రెలైతే బెదిరి నా కాళ్ళ చుట్టూ చేరేవి. జింకలు గొర్రెలు కావని నాకు అప్పుడు తెలిసింది. ఆరూ గాల్లోకి లేచి, చెరువు దిక్కున మాయమైపోయాయి.

తాతకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. నీళ్ళబండివాడి చేత ఆఫీసుకు కబురు పంపి, దొడ్డి గేటు దగ్గర నేలమీద కూలబడ్డాడు. అరగంటలో మున్సిపాలిటీ ఆఫీసరు నలుగురు మనుషులతో, తాళ్ళతో వచ్చాడు. ఎవరు వదిలారని అడిగాడు. నేను ఆయనకు రెండు బారల దూరంలో డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాను.

"గొళ్ళెం నేనే మరిచినా దొరా," అన్నాడు తాత.

ఆఫీసరు చెడ్డవాడేం కాదు, రిజిస్టరు మనిషి. పొద్దు గుంకేలోగా ఆరు జింకలూ దొడ్లో లేకపోతే రేపటి నుంచి పనికి రానక్కర్లేదని అందరి ముందూ చెప్పేశాడు. తాత ఇంట్లో ఆ జీతం మీద ఏడుగురు బతుకుతున్నారు. నేను నోరు తెరిచాను. మాట రాలేదు. గేటు తీయడం తెలియక చేసిన పని, అది తప్పని నేను సగమే ఒప్పుకుంటాను. ఆ నిమిషం నోరు మూసుకుని ఉండటం మాత్రం తెలిసి చేసిన తప్పు.

చెరువు దిక్కుకే పరుగెత్తాను. మా నాయన మందను ఆ చెరువు లోపలే మేపుతుంటాడు. చెరువు అంటే పేరుకే, ఆ ఏడు నడిమధ్య ఒక గుంటలో తప్ప చుక్క నీళ్ళు లేవు. నాయన అంతా విన్నాడు. ఒక దెబ్బ వేస్తాడనుకున్నాను. ఆయన గట్టు మీది నుంచి కింద ఉరుకుతున్న మున్సిపాలిటీ మనుషులను, వాళ్ళ వెనక చేరిన ఊరి జనాన్ని కాసేపు చూశాడు.

"తరిమితే అవి కొండలకు పోతాయి. దప్పికయితే నీళ్ళకాడికే వస్తాయి," అన్నాడు. "నువ్వు ఇడిసినావు, నువ్వే తోలుకురా. కుక్కలు రాకుండా నేను చూసుకుంటా."

అంతే. డబ్బా నిండా తుమ్మకాయలు పోసి ఇచ్చి, కట్టె పట్టుకుని కట్ట మీదికి పోయాడు. నేను ఒక్కదాన్నే జనం మధ్యకు పోయాను. యాభై మంది ఉంటారు. తలా ఒక అరుపు, తలా ఒక సలహా. ఆఫీసరు చెమటలు తుడుచుకుంటున్నాడు. అందరినీ కూర్చోమని చెప్పమన్నాను ఆయనతో. ఆయన నన్ను, నా డబ్బాను చూసి పక్కకు పొమ్మన్నాడు. మనుషులు నవ్వారు. అప్పుడు టీచరమ్మ పిల్లలను వెంటబెట్టుకుని వచ్చింది. నేనేమంటున్నానో అడిగింది. జీవాలు నిలబడ్డ మనిషికి భయపడతాయి, కూర్చున్న మనిషిని పట్టించుకోవు, మేమంతా ఇలాగే నీళ్ళు తాపుతామని చెప్పాను.

టీచరమ్మ గొడుగు మూసింది. గంజిపెట్టి ఇస్త్రీ చేసిన ఆ తెల్లచీరతో, ఆ ఎర్రమట్టిలో, అందరికంటే ముందు తానే చతికిలబడింది. ఆమె కూర్చున్నాక పదకొండు మంది పిల్లలూ కూర్చున్నారు. ప్లీడరు కూతురు గౌను సర్దుకుని మరీ కూర్చుంది. ఇంత మంది కూర్చున్నాక నిలబడటం ఆఫీసరుకే బాగాలేదు. ఆయన ఒక రాయి చూసుకున్నాడు. ఊరి జనం కూడా గొణుక్కుంటూ కూర్చున్నారు. అంత పెద్దవాళ్ళు నా మాటకు నేలమీద కూర్చోవడం నా జన్మలో అదే మొదలు.

ఎండ చంపేసింది. మధ్యాహ్నం దాటింది. సగం మంది లేచి ఇళ్ళకు పోయారు, అదీ మంచికే అయింది. నీడలు సాగే వేళకు తుమ్మచెట్ల వెనక నుంచి కొమ్ముల పోతు తల కనబడింది. తర్వాత రెండు, తర్వాత మరి రెండు. నీళ్ళ గుంట దగ్గరికి వచ్చి తలలు వంచి తాగాయి. కడుపు నిండా తాగేదాకా ఆగాను. అప్పుడు లేచి, మెల్లగా, పార్కు దిక్కుకు తిరిగి డబ్బా ఆడించాను. వెనక్కు తిరిగి చూడకూడదని నాయన చెప్పేవాడు. చూడలేదు. కాళ్ళ చప్పుడు వినబడింది. ఈసారి రోడ్డుకు అటూ ఇటూ తాత, మున్సిపాలిటీ మనుషులు నిలబడి బండ్లను ఆపారు. పొద్దు గుంకకముందే దొడ్లోకి చేర్చాను.

ఆఫీసరు లెక్క పెట్టాడు. అయిదు.

లెక్కపెట్టకుండానే నాకు తెలుసు. చీలిన చెవిది రాలేదు. తాత ముఖం చూడలేక పోయాను. ఆఫీసరు ఆయన వైపు తిరగడంతోనే నా నోరు, పొద్దున పెగలని నోరు, దానంతట అదే తెరుచుకుంది.

"గేటు తీసింది తాత కాదు, నేను. మేపుకొస్తామని తీసినా," అన్నాను.

పాప తన మీద జాలితో అబద్ధం చెబుతా ఉండాదని తాత అడ్డం వచ్చాడు. మా ఇద్దరిలో ఎవరిని నమ్మాలో తెలియక ఆఫీసరు టీచరమ్మను చూశాడు. ఆ పిల్ల అబద్ధం చెప్పదని టీచరమ్మ అంది. ఎవరు తీసినా తాళం బాధ్యత కాపలాదారుదేనని, రిజిస్టరులో ఆరు ఉంటే దొడ్లో ఆరు ఉండాలని ఆయన అన్నాడు. అయితే రేపు పొద్దున దాకా ఆగమని టీచరమ్మ అడిగితే, తొమ్మిది గంటల దాకా గడువిచ్చాడు.

ఆ జింక యాడికీ పోలేదని నాకు తెలుసు. నెలలు నిండిన గొర్రె మందను వదిలి పొద చాటుకు పోతుంది, వెతికితే ఇంకా లోపలికి పోతుంది. జింకయినా అంతేనని నాయన కూడా అన్నాడు. తెల్లవారగానే నాయన కంబళి భుజాన వేసుకుని చెరువులోకి దిగాను. తాత నాకు చాలా వెనకగా వచ్చాడు. తంగేడు పొదల మధ్య అది నిలబడి ఉంది. కడుపు పడిపోయి ఉంది. నన్ను చూసి నాలుగు దూకులు దూకి ఆగింది, పారిపోలేదు. దాని పిల్ల అక్కడే ఉండాలి. వెతికితే ఒక పొద మొదట్లో నేలకు అతుక్కుని పడుకుని ఉంది. కళ్ళు మాత్రం నన్నే చూస్తున్నాయి.

పిల్లను ఎత్తుకోవడంలోనే ఉంది పనంతా. పట్నం వాళ్ళయితే చంకనేసుకుని నడుస్తారు, తల్లి నిలబడిపోతుంది. దాని కంటికి పిల్ల నేలమీద కనబడాలి, ముక్కుకు వాసన తగలాలి. చేతులకు మన్ను రుద్దుకున్నాను. పిల్లను కంబళి మడతలో వేసి, నడుం వంచి, నేలకు జానెడు ఎత్తులో వేలాడదీసి, వెనక్కు వెనక్కు నడవడం మొదలుపెట్టాను. పిల్ల సన్నగా అరిచింది. తల్లి రెండడుగులు వేసింది. ఆగింది. మళ్ళీ వేసింది.

అక్కడి నుంచి పార్కుకు మైలు దూరం. వంగిన నడుం ఎత్తకుండా నడిచాను. వీపు విరిగిపోతోంది, చెమట కళ్ళలోకి కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి లేదు. ఎత్తితే తల్లి పోతుంది. తల్లి పోతే తాత ఉద్యోగం పోతుంది. ఇంకేమీ ఆలోచించలేదు. రోడ్డు దగ్గరికి వచ్చేసరికి తాత నడిరోడ్డు మీద రెండు చేతులూ చాచి నిలబడి ఉన్నాడు. ఆయన ముందు గార్లదిన్నె బస్సు ఆగి ఉంది. డ్రైవరు ఇంజను ఆపేశాడు.

రోడ్డు దాటి తల తిప్పి చూస్తే, అక్కడి నుంచి దొడ్డి గేటు దాకా దారికి రెండు పక్కలా జనం. శిబిరం పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, పార్కు మాలీలు, దారిన పోయేవాళ్ళు. ఎవరూ చెప్పకుండానే అందరూ నేలమీద కూర్చుని ఉన్నారు.  ప్లీడరు కూతురు పక్కవాడి నోటికి తన చెయ్యి అడ్డం పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే వెనక్కు నడిచాను.

దొడ్లోకి పోయి పిల్లను నేలమీద దింపాను. తల్లి గేటు దగ్గర ఒక్క క్షణం ఆగి, లోపలికి వచ్చి, పిల్లను నాకడం మొదలుపెట్టింది. తాత గొళ్ళెం వేశాడు. నేను నడుం ఎత్తబోతే ఎత్తలేకపోయాను, టీచరమ్మ పట్టుకుని నిలబెట్టింది.

ఆఫీసరు రిజిస్టరు తెరిచి లెక్కపెట్టాడు. మళ్ళీ పెట్టాడు. ఆరు రాయాలా ఏడు రాయాలా అన్నట్టు తాత వైపు చూశాడు.

"పోయినవి ఆరు, వచ్చినవి ఏడు దొరా. ఉండేది ఉన్నట్టు రాయండి," అన్నాడు తాత.

ఆఫీసరు రాశాడు. రాసి కలం మూస్తూ, రేపటి నుంచి ఆ గేటుకు పగలు కూడా తాళం వేయమని తాతకు చెప్పాడు. రేపటి నుంచి అన్నాడంటే రేపూ తాతే ఉంటాడని మా అందరికీ తెలిసిపోయింది. తాత కళ్ళు తుడుచుకుని, తాళం చెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఆ మిగిలిన రోజులు పిల్లలందరం దోటి పట్టుకుని తుమ్మకాయలు దులిపాం. వాళ్ళకు దులపడం నేర్పింది నేను. శిబిరం అంటే అదే అనుకుని అందరూ సంతోషంగా ముళ్ళు గుచ్చుకున్నారు.

అదంతా తర్వాత. ఆ పొద్దున రిజిస్టరు రాయడం అయ్యాక నేను దొడ్డి గేటు దాటబోతే, గడపకు అడ్డంగా మా అమ్మ నిలబడి ఉంది. జీవాలను చూసేదానికి బడి ఎందుకన్న మనిషి, పార్కు మొహం కూడా చూడని మనిషి, బుక్కరాయసముద్రం నుంచి నడిచొచ్చింది. వెనక ఆఫీసరు బయటికి రావాలని నిలబడి ఉన్నాడు. ఆమె తప్పుకోలేదు. కొంగు ముడి విప్పింది.

"ఆగు మే," అంది. "నోరు తెరువు."

నోరు తెరిచాను. బెల్లం పెట్టింది.